నక్కలు వినరాదు

గుట్ట కింద కుందేళ్ల బొరియలకు ముళ్లపంది కాపలా. దానికి చూపు ఆనదు. అందుకని వచ్చినవాళ్లను ఆ రోజు గుర్తుమాట అడిగి లోపలికి పంపేది.

సాలీడు అడవంతా దారం అల్లాక అందరికీ పనులు సులువయ్యాయి. దారం మీటితే చాలు, ఉడుత అమ్మే కాయలు గుమ్మంలోకి వచ్చేవి, పెద్దకుందేలు హుకుం క్షణంలో ఊరంతా చేరేది. గుర్తుమాట కూడా ఇక దారం మీదే పంపుతానంది పెద్దకుందేలు.

"అయ్యా, ఆ దారం నక్క ఇంటికీ పోతోంది. ఈతపళ్లు తెప్పించుకోవడానికి తమరే లాగించారు," అంది ముళ్లపంది.

"ఆమాత్రం నాకు తెలీదుటోయ్? అందుకే చివర 'ఇది రహస్యం, నక్కలు వినరాదు' అని చేర్చాను."

ఆ సాయంత్రం గుర్తుమాట "ముల్లంగి". మొదట వచ్చిన కుందేలు "బీరకాయ" అంది. రెండోది "అదేదో దుంపలే మామా, కాస్త జరుగు" అంది. మూడోది "పొద్దున గుర్తుంది" అంది. గొంతులు తెలిసినవే కాబట్టి ముళ్లపంది తిట్టుకుంటూనే అందర్నీ పంపింది.

మునిమాపు వేళ ఎవరో సన్నని గొంతుతో "ముల్లంగి" అన్నారు.

ముళ్లపందికి ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "ఇంత సరిగ్గా చెప్పావంటే నువ్వు మావాడివి కావు!" అంటూ వెనక్కి తిరిగి ఒక్క దూకు దూకింది. ముళ్లు గుచ్చుకుని నక్క కుయ్యోమంటూ పారిపోయింది.

సంగతి విని పెద్దకుందేలు వెంటనే దారం మీటింది: "రేపట్నుంచి మాట తప్పు చెప్పినవాళ్లనే రానివ్వాలి. ఇది రహస్యం."

ముళ్లపంది చెవులు రిక్కించింది. గుట్ట అవతల నక్క అప్పుడే "బీరకాయ, సొరకాయ, పొట్లకాయ" అని వల్లె వేస్తోంది.