తోడు మాత్ర

“మందిచ్చారా, మంట పెట్టారా?” అంటూ డ్రైవరు డాక్టరు గది తలుపు తోసుకుని వచ్చాడు. ఒక కాలికే చెప్పుంది. రెండోది పట్టుకుని వెనకాలే వచ్చిన భార్య గోడవార నిలబడింది.

డాక్టరు కుర్చీ చూపించాడు. డ్రైవరు కూర్చున్నాడు, లేవబోయాడు, మళ్లీ కూర్చున్నాడు. కాలుగాలిన పిల్లికి తిరిగే వీలైనా ఉంటుంది. ఇతనికి అదీ లేదు. కుడికాలి బొటనవేలు మొదట్లో ఎర్రగా వాచి నిగనిగలాడుతోంది.

“ఫ్యాను గాలి తగిలినా ప్రాణం లేచిపోతోంది. సోమవారం నాకు ఫిట్‌నెస్ పరీక్ష. బ్రేకు తొక్కలేనివాడికి బస్సెవడిస్తాడు?”

“తాగుడు మానేశారా?”

“మానేశా. మాంసం మానేశా. నీళ్లు తాగి తాగి కడుపు చెరువైంది. మాత్ర ఒక్కపూట తప్పలేదు. అయినా మునుపటికంటే ఎక్కువైంది. అసలిది మీరన్న గౌటు కీళ్లవాతమేనా, మీకు తోచిన పేరు పెట్టేశారా?”

“మీ కీలులోంచి నీరు తీసి చూశాం కదా. సూదిమొనల్లాంటి స్ఫటికాలు కనిపించాయి. అనుమానమే లేదు. యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర మొదలెట్టిన కొత్తలో కీలులో పేరుకున్న ఆ స్ఫటికాలు కదులుతాయి. నొప్పి తిరగబెట్టొచ్చు. అందుకేగా తోడుగా ఇంకో చిన్న మాత్ర రాసింది. అదీ వేసుకుంటున్నారా?”

“చిన్న మాత్రా?” డ్రైవరు భార్యవైపు తిరిగాడు. “ఏదే అది? నాకెప్పుడిచ్చావ్?”

ఆమె చేతిలోని చెప్పును గట్టిగా పట్టుకుంది.

“నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? మాత్రలన్నీ నీ చేతిలోనేగా ఉండేది!”

విసురుగా లేచాడు. ఆమె గోడకు అతుక్కుపోయింది. కాలు నేలకు ఆనగానే అతను కెవ్వుమని కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడామె ఊపిరి వదిలింది.

డాక్టరు గొంతు తగ్గించాడు. “మర్చిపోయారామ్మా?”

“లేదండీ. పారేశాను.”

“పారేశావా!” డ్రైవరు పళ్లు పటపటలాడించాడు. “విన్నారా డాక్టరుగారూ? కట్టుకున్నదే కాలయముడైంది. నా తిండి, నా ఉద్యోగం, అన్నీ ఈ కాలిమీదే ఉన్నాయని దీనికి తెలీదా?”

“తెలిసి తెలిసి మనిషినింత బాధపెడతారామ్మా?” డాక్టరుకీ కోపమొచ్చింది. “ఎందుకు చేశారీ పని?”

ఆమె మొగుడి మొహం చూడలేదు. వాచిన ఆ కాలినే చూస్తూ చెప్పింది.

“నన్ను తన్నేది ఆ కాలితోనేనండీ.”