చెయ్యి విరిగిన సాక్షి

"ఇతను నన్ను కొట్టలేదండీ," అన్నాడు సాక్షి బోనులో నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్.

కోర్టు హాల్లో అందరూ అతని వైపు తిరిగారు. హెడ్డు కుడిచెయ్యి ఇంకా మెడకి కట్టిన పట్టీలోనే వేలాడుతోంది.

మూడు నెలల కిందట తనిఖీలో ఒక లారీని ఆపాడు. డ్రైవరు పీకలదాకా తాగి ఉన్నాడు. తోటి డ్రైవర్లు వాణ్ణి తుఫాను అంటారు. "దిగు, స్టేషనుకి పద" అని చెయ్యి పట్టుకోగానే జాకీ రాడ్డు తీసి ఒక్కటిచ్చాడు. హెడ్డు ముంజేతి ఎముక రెండు ముక్కలైంది. అయినా వదల్లేదు. మిగతావాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి ఎడంచేత్తోనే వాణ్ణి నేలకి అదిమిపట్టి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికి వచ్చి మరీ మాటిచ్చాడు.

"అరెస్టు చెయ్యబోతే తిరగబడటమే నేరం. పైగా డ్యూటీలో ఉన్నవాడి ఎముక విరగ్గొట్టాడు. ఐదేళ్లకి తక్కువ పడదు. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు."

"వాణ్ణి వదిలే ప్రశ్నే లేదు సార్," అన్నాడు హెడ్డు, పళ్లు నూరుతూ.

సెలవు పెట్టి కూడా కాలు ఒకచోట నిలపలేదు. మెకానిక్ షెడ్లన్నీ తిరిగాడు. ఆ లారీ ఏ తారీఖున రిపేరుకొచ్చింది, ముందున్న ఆ కొత్త బంపరు ఎందుకు వేశారు అని వాకబు చేశాడు. కేసు బిగిస్తున్నాడని ఇన్‌స్పెక్టర్ మురిసిపోయాడు.

ఆఖరి షెడ్డు నుంచి ఇంటికొచ్చిన రోజు భార్యకి ఏదో చెప్పాడు. నోటికి ముద్ద అందించబోతున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"వాడికేం శిక్ష పడుతుంది?"

"ఐదేళ్లంటున్నారు."

"ఐదేళ్లేనా?" అంది.

ఆ పూట ఇద్దరూ తినలేదు.

ఇప్పుడు ప్రభుత్వ లాయరుకి చెమటలు పడుతున్నాయి. "మరి ఈ చెయ్యి ఎలా విరిగిందయ్యా?"

"లారీ మెట్టు మీంచి కాలు జారి పడ్డానండీ."

"రాడ్డుతో కొట్టాడని నువ్వే రాయించావుగా?"

"నొప్పిలో ఏం వాగానో నాకే తెలీదండీ. రమ్మనగానే బుద్ధిగా వచ్చాడు, పాపం."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "అబద్ధపు సాక్ష్యం చెబితే ఏమవుతుందో తెలుసా?"

"పాతికేళ్ల సర్వీసండీ. తెలుసు."

కొట్టడం చూసినవాళ్లు వేరే ఎవరూ లేరు. కేసు కొట్టేశారు. తాగి నడిపినందుకు పడాల్సిన శిక్ష రిమాండులోనే తీరిపోయింది.

వరండాలో ఇన్‌స్పెక్టర్ మీదికొచ్చాడు. "ఎంతకి అమ్ముడుపోయావురా? రేపటికి నీ ఒంటిమీద యూనిఫాం ఉండదు!"

"సరే సార్," అన్నాడు హెడ్డు.

అందరూ వెళ్లిపోయాక తుఫాను వచ్చి అతని కాళ్లమీద పడ్డాడు. వెక్కివెక్కి ఏడ్చాడు.

"నీ చెయ్యి విరగ్గొట్టానన్నా! నన్ను నరికినా పాపం లేదు. అలాంటిది, నన్నెందుకు కాపాడావు?"

హెడ్డు ఎడంచేత్తో వాణ్ణి లేవదీశాడు. చొక్కాకి అంటిన దుమ్ము దులిపాడు.

"ఎక్కడికెళ్తావిప్పుడు?"

"ఇంటికేనన్నా. నడిచే పోతా."

"ఒక్కడివేనా?"

"నాకెవరున్నారన్నా!"

"పద, కాస్త దూరం వస్తా," అని వాడి భుజం మీద చెయ్యి వేశాడు హెడ్డు. గేటు దాటారు. జనం పలచబడే దాకా నడిచారు.

"జైల్లో అయితే నీకు ఇరవైనాలుగు గంటలూ కాపలా ఉంటుంది తమ్ముడూ," అన్నాడు అప్పుడు నెమ్మదిగా, "బడి ముందు నా కూతుర్ని లారీతో తొక్కేసి పారిపోయినవాడికి అంత భద్రత దేనికనిపించింది."