ఫ్రిజ్‌లో ఎరువు

"ఆ ఫ్రిజ్ తెరవకండి మామయ్యగారూ!"

శశికాంత్ కేకకి గరాజ్ దద్దరిల్లింది. ఫ్రిజ్ పిడి మీద చెయ్యి వేసిన శేషగిరి నింపాదిగా వెనక్కి తిరిగి చూశాడు. ఆయన ఆబ్కారీ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. అలా తిరిగి చూస్తే సారా కాసేవాళ్లకే కాదు, కాయనివాళ్లకి కూడా చెమటలు పట్టేవట. శశికాంత్‌కి మరీ పట్టాయి.

"ఏం, పాముందా అందులో?"

"ఎరువండీ. గులాబీ మొక్కలకి పులియబెడుతున్నాను. మూత కదిలితే ఒకటే కంపు."

"ఎరువు ఫ్రిజ్‌లోనా?"

"ఆర్గానిక్ అండీ. ఈ టెక్సాస్ ఎండకి పాడైపోతుంది."

శేషగిరి చెయ్యి తీశాడు. "అమెరికాలో ఎరువుక్కూడా ఏసీయే" అనుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఆ ఫ్రిజ్‌లో బకెట్ నిండా ఉన్నది ఐదు గ్యాలన్ల బీరు. లాగర్. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాస్తున్నాడు. లాగర్ అంటే యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లదనంలో వారాల తరబడి పులవాలని ఇంటర్నెట్‌లో చదివి, పాత ఫ్రిజ్‌కి డిజిటల్ థర్మోస్టాట్ తగిలించాడు. అత్తమామలు ఫ్రిస్కోకి వస్తున్నారని తెలిసేసరికే బకెట్‌లో ఈస్ట్ పడిపోయింది. పారబోయడానికి మనసొప్పలేదు.

"పెళ్లిచూపుల్లో ఏమన్నావో గుర్తుందా?" లోపలికి రాగానే పద్మ గుసగుసగా నిలదీసింది. "'మందు వాసనే తెలీదండీ' అన్నావు. ఆ ఒక్క మాట మీదే నాన్న నన్నిచ్చారు. మా పెదనాన్న కొడుకు చేతిలో సీసా చూశారని తొమ్మిదేళ్లుగా వాణ్ణి గడప తొక్కనివ్వలేదు. అల్లుడని నిన్ను వదులుతారా?"

"ఇంకో రెండు వారాలు ఓపిక పట్టు."

"పట్టుబడితే నేను నీవైపు మాట్లాడను. ముందే చెప్తున్నా."

అసలు దిగులు వేరే ఉంది. నాలుగు రోజులుగా బకెట్ ఉలకడం లేదు, పలకడం లేదు. బుడగ అన్నదే లేదు. కొంచెం తీసి వాసన చూస్తే వెన్నముద్ద వాసన. పరువు పణంగా పెట్టిన బీరు చచ్చిందో బతికుందో తెలియక, ఎవరూ లేనప్పుడు బకెట్‌కి చెవి ఆనించి వినేవాడు. అలా వింటూ ఉండగానే అత్తగారు ధనమ్మ దోసెల పిండి గిన్నెతో గరాజ్‌లోకి వచ్చింది.

"ఏమంటోంది బాబూ ఎరువు?"

శశికాంత్ గతుక్కుమన్నాడు. "ఏం లేదత్తయ్యగారూ, ఊరికే..."

"వంటింటి ఫ్రిజ్‌లో చోటు లేదు. ఈ గిన్నె ఇక్కడ పెట్టుకోనా?"

శశికాంత్ పక్కకి జరిగాడు. ఆవిడ పై అరలో గిన్నె పెట్టి, బకెట్ వైపు ఓ చూపు చూసి వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీస్ నుంచి వచ్చి చూస్తే థర్మోస్టాట్ మీద యాభై లేదు. అరవై రెండు ఉంది. గబగబా తగ్గించాడు. ఆ మర్నాడూ అరవై రెండే. పైగా బకెట్ గుళుక్ గుళుక్ అంటోంది, హాల్లోకి వినిపించేంతగా.

"అత్తయ్యగారూ, ఫ్రిజ్ మీద నంబర్లేమైనా మార్చారా?"

"ఆ నంబర్లు నాకేం తెలుస్తాయి బాబూ?"

అయితే మామగారే. దొంగని పట్టుకునే ముందు నాలుగు రోజులు ఆడించడం వాళ్ల నాన్న పద్ధతని పద్మ చెప్పనే చెప్పింది. అందుకు తగ్గట్టే శేషగిరి టిఫిన్ దగ్గర "ఎరువు ఎంతవరకు వచ్చింది అల్లుడుగారూ?" అని అడిగాడు. శశికాంత్‌కి ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. ఆ వారం అతను సరిగ్గా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు.

శనివారం పొద్దున గరాజ్‌లోంచి పిలుపు వచ్చింది.

"అల్లుడుగారూ, ఒకసారి ఇలా రండి."

ఫ్రిజ్ బార్లా తెరిచి ఉంది. బకెట్ మూత నేల మీద ఉంది. శేషగిరి చేతిలో స్టీలు గ్లాసు, గ్లాసు నిండా బంగారు రంగు. శశికాంత్ వెనకే వచ్చిన పద్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"క్షమించండి మామయ్యగారూ. అది ఎరువు కాదు, బీరు. పెళ్లిచూపుల్లో మీకు అబద్ధం చెప్పాను. నేనే కాశాను."

శేషగిరి గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వెన్న వాసన పోయింది. గరాజంతా అప్పుడే కాల్చిన రొట్టె వాసన.

"మీరు కాయలేదు. మీరు చలిలో పడుకోబెట్టారంతే. పులవడం ఆపి నిద్రపోయిన ఊటని వెచ్చబెట్టి లేపింది వేరే చెయ్యి. ఆ చెయ్యి నాకు తెలుసు." గొంతు పెంచాడు. "ధనా!"

ధనమ్మ పిండి చేతులతో పరుగున వచ్చింది. గ్లాసు చూసి తల దించుకుంది.

"పిల్లాడు తిండి మానేసి దిగులు పడుతుంటే చూళ్లేకపోయానండీ. అంత చలిలో ఏ ఊట లేస్తుంది చెప్పండి?"

"అమ్మా! ఇవన్నీ నీకెలా తెలుసు?" పద్మ నోరు తెరిచింది.

ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శేషగిరి గ్లాసు తీసుకెళ్లి భార్య చేతిలో పెట్టాడు.

"పెళ్లిచూపుల్లో అబద్ధం చెప్పానని బాధపడకండి అల్లుడుగారూ. మా పెళ్లిచూపులు ఎక్కడ జరిగాయో మేమూ ఇంతవరకు ఎవరికీ నిజం చెప్పలేదు. సారా బట్టీ దగ్గర, నా మొదటి రెయిడ్‌లో. ముద్దాయి ఈవిడే."