ఇంటిపెద్ద ఓటు

ఆరాధన అయిపోయినా ఎవరూ లేవలేదు. ఓటు ఉంది.

అమెరికాలో ఓజార్క్ కొండల్లోని ఆ చర్చిలో ఇంటికి ఒక్కటే ఓటు. అది ఇంటాయనది. ఆయన జబ్బుపడితే భార్య వచ్చి ఆయన మాట చెప్పవచ్చు. సొంత మాట చెప్పడమే తప్పు. మగదిక్కు లేని ఇంటికి ఓటే లేదు. మొన్న చలికాలం దాకా భర్త పక్కన దర్జాగా కూర్చున్న నెట్టీ ఇప్పుడు వెనక బల్ల మీద గోళ్లు చూసుకుంటోంది.

అర్విల్లా ఒక్కతే వచ్చింది.

"డెల్మర్ ఏడమ్మా?" పక్క బల్ల ఆయన అడిగాడు.

"లేవలేదండీ."

పొద్దుటి నుంచీ ఆమెకు ఏమీ అనిపించడం లేదు. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

ఓటు ఆమె కూతురు కొరీన్ గురించే. నల్లజాతి కుర్రాణ్ణి పెళ్లాడిందని ఆరేళ్ల కిందట సంఘం వెలివేసింది. తెల్ల రక్తానికి దేవుడే కంచె వేశాడని పాస్టర్ హోల్కం చెబితే, అందరికంటే ముందు తలూపింది కన్నతండ్రి డెల్మరే. ఆ తర్వాత ఇంట్లో కూతురి పేరెత్తితే పళ్లెం గోడకు తగిలేది. మనవరాలికి నాలుగేళ్లొచ్చాయి. అర్విల్లా దాన్ని ఫొటోలో కూడా చూడలేదు.

కొత్త కాపురాల వాళ్లు పట్టుబట్టి, ఆ వెలి తీసేద్దామా అని ఈ ఓటు పెట్టించారు. చర్చి పుస్తకంలోకి ఎక్కిన తీర్మానాన్ని ఐదేళ్లు కదపకూడదు. ఆ నియమం పాస్టర్ పెట్టిందే.

మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. అవును. కాదు. కాదు. అవును. పదకొండుకు పదకొండు అయింది.

పాస్టర్ నవ్వాడు. డెల్మర్ మాట ఆయనకు తెలియనిదా!

"చెల్లెమ్మా, లాంఛనానికి అడుగుతున్నా. మీ ఆయన ఏమంటాడు?"

అర్విల్లా లేచింది. నలభై రెండేళ్లలో ఆ చర్చిలో పాటలో తప్ప ఆమె గొంతు ఎవరూ వినలేదు.

"అవును."

అందరూ గతుక్కుమన్నారు. పాస్టర్ కళ్లద్దాలు తీశాడు.

"మన డెల్మరే? ఇది నీ మాట కాదు కదా?"

"పిల్లని రానిద్దామా అని పొద్దున అడిగాను. ఒకటికి మూడుసార్లు అడిగాను. కాదనలేదు."

"పళ్లెం విసరలేదూ?" వెనక నుంచి ఎవరో అన్నారు.

"లేదు."

"ముసలాడు మెత్తబడ్డాడ్రోయ్!"

నవ్వులు. అర్విల్లా అబద్ధమాడదని ఊరందరికీ తెలుసు. పాస్టర్ పళ్లు కొరుకుతూ పుస్తకంలో రాశాడు.

ఇంటికొచ్చి ఆమె కూతురికి ఫోన్ చేసింది. ఆరేళ్ల తర్వాత ఆ గొంతు విన్నా ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు.

"వెలి తీసేశారే. పాపని తీసుకుని బయల్దేరు."

"నాన్న ఒప్పుకున్నాడా అమ్మా?"

"నువ్వు ముందు బయల్దేరు."

పెట్టేసిన ఫోన్ మళ్లీ ఎత్తి డాక్టర్‌ని పిలిచి, డెల్మర్ తెల్లవారుజామునే నిద్రలో పోయాడని చెప్పింది.