లిఫ్టులోంచి ఫోను

"ముసలావిడ సరిగ్గా నొక్కి ఉండదు అక్కా," అన్నాడు ప్రవీణ్. లిఫ్టులో ఆపదొస్తే నొక్కే ఎర్ర బటన్ వెనక, ఫోను కలిపే సిమ్ వేసిన రౌటరు డబ్బా బిగించింది అతనే.

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. "ఏటన్నావు? నిన్న లిఫ్టు ఆగిపోయి మా అత్త ముప్పావుగంట ఇందులోనే ఉండిపోయింది. నొక్కిన ప్రతిసారీ అవతల ఎవడో కట్ చేసేసేడట. రైల్లో గొలుసు లాగితే గార్డయినా వస్తాడు."

"డబ్బా ఠీక్ ఉంది. కావాలంటే మీరే నొక్కి చూడండి."

తెరిచి ఉన్న లిఫ్టులో నిలబడి ఆమె బటన్ నొక్కింది. ప్రవీణ్ జేబులో ఫోను మోగింది. తెలీని నంబరు చూసి, అలవాటు కొద్దీ కట్ చేసేశాడు. లిఫ్టు స్పీకరు కుయ్ కుయ్ మని ఆగిపోయింది.

అతని మొహం పాలిపోయింది. "టెస్టింగ్‌కని నా నంబరు వేశాను. మార్చడం మర్చిపోయాను అక్కా."

"బిలాస్‌పూర్‌లో ఇంకెన్ని లిఫ్టులకి మర్చిపోయావు?"

అతను నోరు విప్పేలోగా ఫోను మళ్ళీ మోగింది. ఇంకో తెలీని నంబరు. బటన్ మీద ఇద్దరిలో ఎవరి వేలూ లేదు.

"ఎత్తు," అంది నీలవేణి.