అడ్డం పడుకున్న అవ్వ

"అక్కడ కూర్చుంటావేమమ్మా? అది గొర్రెల పాక. ఇంట్లోకి రా, రొట్టె తుంచు," అంది బురుల్ అవ్వ.

వచ్చినామె లేవలేదు. ఎండుపేడ మీదే గొంతుక్కూర్చుని పాక లోపలికి చూసింది.

"మీ మనవరాలు ఎక్కడుంటే అక్కడే తుంచుతానవ్వా."

మనవరాలు చినారాను వసంతంలో పొరుగూరి కుర్రాడు పెళ్లాడతానని కారులో ఎత్తుకుపోయాడు. పిల్ల తప్పించుకుని ఇల్లు చేరింది. చేరిందన్న మాటేగానీ, తలుపున్న గదిలో అడుగు పెట్టదు. నోరు విప్పదు. తలుపు లేని ఈ పాకే దాని ఇల్లు.

అమ్మానాన్నలేమో మందతో కొండమీద మేతలో ఉన్నారు. ఊరి నర్సు చూడలేక, నరీన్ అనే పట్నం నుంచి మనసుకు వైద్యం చేసే మనిషిని రప్పించింది. ఆమె పేరు జుమగుల్.

"ఇక్కడ కూర్చోనా తల్లీ, ఇంకా దూరం జరగనా?" జుమగుల్ అడిగింది.

చినారా చేత్తోనే జరగమంది. జుమగుల్ జరిగింది.

అవ్వకు నవ్వొచ్చింది. "బాగుంది వైద్యం! పిల్ల జరగమంటే డాక్టరమ్మ జరగడమా?"

"ఈ పిల్ల వద్దంటే ఆగినవాళ్లు ఇంతవరకూ ఎవరైనా ఉన్నారా అవ్వా?"

అవ్వ నవ్వు ఆగిపోయింది.

"ఏమైతేనేం, మధ్యాహ్నానికి మగపెళ్లివారు వస్తున్నారు. పెళ్లైనట్టు గుర్తుగా తెల్ల తలగుడ్డ కట్టి తీసుకుపోతారు. విసిరిన రాయి పడ్డచోటే బరువు, ఎత్తుకుపోయిన పిల్ల ఆ ఇంట్లోనే ఉండాలి. నేను మాటిచ్చేశాను."

చినారా గొర్రెల వెనక్కి నక్కింది.

జుమగుల్ వాదించలేదు. రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. "మీరీ ఇంటికి ఎలా వచ్చారవ్వా?"

ఆ మాట అవ్వను ఎవరూ అడిగి ఎరగరు. కన్నకొడుకు కూడా.

"ఎలాగేమిటి, గుర్రం మీద. మూతికి గుడ్డ కట్టి." అవ్వ కూడా చతికిలబడింది. "పారిపోదామని గడప దాకా వచ్చాను. మా అత్త గడపకు అడ్డం పడుకుంది. పెద్దదాన్ని దాటితే పాపం చుట్టుకుంటుందిగా! ఎత్తిన కాలు దించేశాను."

"దించాక?"

"ఏముంది? వాళ్లంతా పాటలు పాడారు. నేను పొయ్యి రాజేశాను. ఆ కాలు ఇప్పటికీ లాగుతుంది."

"మరి మీరెప్పుడూ అలా అడ్డం పడుకోలేదా?"

"పడుకోకేం! మా అబ్బాయి తాలాయ్ కూడా మొదట ఒకత్తెను ఎత్తుకొచ్చాడు. పేరైనా అడగలేదు నేను. అది నన్ను దాటే పోయింది, గాడిద! నీ ఇంట దీపం వెలగదని శాపం పెట్టాను." అవ్వ గొంతు తగ్గింది. "దాని మీద ఎంత కుళ్లుకున్నానో! నేను దించేసిన కాలు అది దించలేదు."

"శాపాలన్నీ తగలవులెండి," అంటూ జుమగుల్ అవ్వకు టీ పోసింది.

బయట కారు హారన్ మోగింది. పెళ్లికొడుకు మేనత్తలు దిగారు, చేతుల్లో మడతపెట్టిన తెల్ల గుడ్డ. వెనక మేనమామ.

"వియ్యపురాలుగారూ, పిల్ల సిద్ధమేనా?"

అవ్వ టీ గిన్నె కింద పెట్టింది. గబగబా వెళ్లి గేటుకు అడ్డంగా, వెల్లకిలా పడుకుంది.

"రండి. నన్ను దాటి రండి!"

"అయ్యో, ఇదేం చోద్యం! మీరేగా మాటిచ్చారు?"

"ఇచ్చాను. ఇప్పుడు వెనక్కి తీసుకున్నాను. ముందు ఎవరు దాటతారు? నువ్వా మేనమామా? నా నోటి సంగతి ఈ లోయంతటికీ తెలుసు!"

ఒక్క కాలూ లేవలేదు. తిట్టుకుంటూ కారెక్కారు.

అప్పుడు పాకలోంచి బొంగురు గొంతు వినబడింది.

"నాయనమ్మా, లే. నేల చల్లగా ఉంది."

"ఉండవే. కారు మలుపు తిరగనీ."

చినారా వచ్చి అవ్వను చెయ్యి పట్టి లేపింది. ఇంటి తలుపుకేసి చూసి ఆగింది.

"పీకించేద్దామా దాన్ని?" అంది అవ్వ. "ఎండాకాలమేగా!"

"తెరిచి ఉంచితే చాలు," అంది పిల్ల.

జుమగుల్ పకపకా నవ్వి బయల్దేరింది. "రావాలనిపించిన రోజున తనే నా దగ్గరికి వస్తుందిలెండి."

సాయంత్రం తాలాయ్ కొండ దిగి వచ్చాడు. గుర్రం మీంచే అడిగాడు.

"జుమగుల్ మనింటికెందుకొచ్చిందమ్మా? దారిలో కారాపి, పిల్ల బాగుందని చెప్పి వెళ్లింది."

"డాక్టరమ్మ నీకెలా తెలుసురా? బంగారంలాంటి మనిషి. గుర్రపు పాలు తాగి వెళ్లమంటే ఆగలేదు."

తాలాయ్ తల దించుకున్నాడు.

"నువ్వు పేరడగలేదు గానీ, ఆనాడు నిన్ను దాటి వెళ్లిపోయింది ఆవిడేనమ్మా."