ముడుపు కట్టిన కారు

"ఆపుండ్రి! ఎట్టన్న కారు ఆపుండ్రి!"

జెద్దా రేసు ట్రాక్ పక్కన, చేతిలో మాపు కర్రతో, లింబాద్రి గొంతు చించుకుంటున్నాడు. కార్ల మోతలో ఆ అరుపు అతనికే వినపడలేదు. క్లీనింగ్ సూపర్‌వైజర్ అఖీల్ పరుగున వచ్చి కాలర్ పట్టి వెనక్కి లాగాడు.

"క్యా హువా రే? దిమాగ్ ఖరాబైందా?"

"ఉల్టా తిరుగుతున్నయ్ అఖీల్ భాయ్! కార్లన్నీ ఉల్టా తిరుగుతున్నయ్!"

"ఈ ట్రాకే అట్ల. ఎడమ చేతి దిక్కు తిరుగుతయ్. నీకేం నొప్పి?"

"నా మొక్కు పోతున్నది భాయ్!"

అఖీల్ హైదరాబాద్‌వాడు. మొక్కంటే ఏమిటో తెలుసు. కాలర్ వదిలాడు.

లింబాద్రి ఏడుపు గొంతుతో చెప్పుకొచ్చాడు. ఆర్నెల్ల కింద జగిత్యాలలో భార్య ముత్యవ్వకు కడుపులో గడ్డ తీశారు. ఆమె లేచి తిరిగితే కొండగట్టు అంజన్నకు నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నాడు. ముత్యవ్వ లేచి తిరుగుతోంది. కంపెనీవాళ్లే ఇతనికి ఊరెళ్లడానికి చుట్టీ ఇవ్వడం లేదు. అందుకని ట్రాక్ నడుమనున్న స్టోర్ రూంలో, పై అరలో, కొత్త తువ్వాల పరిచి అంజన్న ఫొటో పెట్టాడు. రూపాయి బిళ్లను పసుపు గుడ్డలో మూటగట్టి, ఆ ముడుపును ఎట్టన్న సీటు కింద కట్టాడు. తను తిరగలేకపోయినా ముడుపు తిరుగుతుంది కదా!

ఎట్టన్న అంటే ఎతియెన్ అనే ఫ్రాన్సు డ్రైవరు. నోరు తిరగక లింబాద్రి పెట్టుకున్న పేరది. ఇరవై రెండేళ్లుగా పందెం కార్లు తోలుతున్నాడు. ఎంతసేపు తోలుతావని లింబాద్రి సైగ చేసి అడిగితే, రెండు వేళ్లు చూపించి, తర్వాత నాలుగు వేళ్లు చూపించాడు. ఇరవై నాలుగు గంటలు! అంతసేపు తోలి ఎక్కడికి చేరుతావంటే, బయలుదేరిన చోటునే చూపించాడు. దాంతో లింబాద్రికి అతని మీద గురి కుదిరింది. ముడుపు చూసి ఎట్టన్న "గుడ్ లక్?" అనడిగాడు. తనకొచ్చిన ఇంగ్లీషు కూడా అంతే గనుక లింబాద్రి "గుడ్ లక్, గుడ్ లక్" అని తలూపాడు.

"నిన్నటిదాక నాకు బాత్రూముల కాడ డ్యూటీ ఏస్తిరి. ఎటు తిరుగుతయో నాకేం తెలుసు భాయ్? దేవుడు కుడి చేతి దిక్కు ఉండాలె. గిట్ల ఎదురు తిరిగితే చుట్టు చుట్టుకు మొక్కు తీరుడు కాదు, పెరుగుడు. నిలబెట్టిన పాణం మల్ల ఎనకకు తీసుకుంటడేమో!"

"మేం కాబా చుట్టూ ఇటు దిక్కే తిరుగుతం. మాకేమైంది?"

"మీ దిక్కు మీది, మా దిక్కు మాది."

"అయితే ఆ ఫొటో తీసెయ్."

"నడుమకు పోవాల్నంటే ట్రాక్ దాటాలె. పందెం అయ్యేదాక చీమను గూడ దాటనిస్తలేరు."

"మీ దేవునికి ఆ మాత్రం తెల్వదా, పాపం జెద్దాల ఇరుక్కపోయిండని?"

"తెలుస్తది. కాని మాట ఇచ్చింది నేను గద."

లింబాద్రి ఇంటికి ఫోన్ కలిపాడు.

"ముత్యవ్వా, కడుపు ఎట్లుంది?"

"నిండింది. ఇప్పుడే తిన్న. ఏందయ్యా?"

"ఏం లేదు. కదలకుండ పండుకో."

అంతలో ఎట్టన్న కారు వచ్చి ట్రాక్ ఇవతలి షెడ్డు ముందు ఆగింది. ఈ పందేల్లో ఒకే మనిషి చివరిదాకా తోలడు. ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కుతాడు. ఎట్టన్న దిగగానే లింబాద్రి మెకానిక్కుల మధ్యనుంచి దూరి సీటు కిందికి చెయ్యి పెట్టాడు. ఎట్టన్న ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అఖీల్ వచ్చి ఇంగ్లీషులో ఏదేదో చెప్పాడు. ఎట్టన్న చివరిదాకా విని, తల అడ్డంగా ఊపి, ఒక వేలు చూపించాడు. అప్పటికే ఇంకొకడు ఎక్కి, కారు వెళ్లిపోయింది.

"ఏమంటుండు భాయ్?"

"ఇరవై రెండేండ్లల్ల ఒక్కసారి గూడ గెలవలేదంట. ఇదే ఆఖరి పందెమంట. ఇయ్యాల ఫస్ట్ ఉన్నడు. ఆ మూట ముట్టుకుంటే నిన్ను టైరుకు కట్టి తిప్పుతడంట."

"నా బాధ చెప్పినవా?"

"అంతా చెప్పిన. నీ పెండ్లాం, గుడి, ఊరు, ఉల్టా, సీదా. ఫికర్ వద్దన్నడు. ఫికర్ నీది గద, వానికేంది!"

ఎట్టన్న గెలిచాడు. అందరూ ఎగిరి గంతులేస్తుంటే లింబాద్రి ఒక్కడే కారు దగ్గరికి వెళ్లి సీటు కింద తడిమాడు. ముడుపు లేదు. ఎట్టన్న కూడా లేడు. కప్పు చంకన పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయాడట.

ఎదురు తిరిగింది చాలక ముడుపు కూడా పోయింది. వారమంతా లింబాద్రికి ముద్ద దిగలేదు. పూటపూటకూ ఫోన్ చేసి కడుపు ఎట్లుందని అడిగితే, "నీకే ఏదో అయింది, దవాఖానకు పో" అని ముత్యవ్వ విసుక్కుంది.

శుక్రవారం జెద్దా పాత బజారు బలద్‌లో అఖీల్‌తో చాయ్ తాగుతుండగా ఆమే వీడియో కాల్ చేసింది. వెనకాల కొండగట్టు గుడి.

"ఏమయ్యో, గీ తెల్లాయన నీ దోస్తా? పొద్దుగాలకెల్లి గుడి సుట్టు తిరుగుతుండు. నీ పేరు జెప్పి, పూజారితోని నన్ను పిలిపిచ్చిండు."

తెర మీద ఎట్టన్న! పంచె ఎగ్గట్టి, వట్టి కాళ్లతో, చేతిలో పసుపు మూటతో, దేవుణ్ణి కుడి చేతి వైపే ఉంచుకుని, భక్తులను ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోతున్నాడు. లింబాద్రి రెండు చేతులూ జోడించాడు. ఆ దండం అంజన్నకో ఎట్టన్నకో అతనికే తెలియలేదు.

"ఉల్టా తిరిగినయన్ని సీదా చేసిండంట, నీ నూటెనిమిది గూడ తీరినయంట. ఇగ సాలు నాయినా అంటే వింటలేడు. రెండు వేళ్లు సూపెడతడు, మల్ల నాలుగు వేళ్లు సూపెడతడు. ఏం గావాల్నంట? ఆగాగు, నా కాడికే అస్తుండు."

ఎట్టన్న తెర నిండా వచ్చాడు. ముడుపు ముత్యవ్వ చేతిలో పెట్టాడు. ఇక కదలమన్నట్టు గుడివైపు చెయ్యి ఊపి, మండపంలో తువ్వాల పరుచుకుని పడుకున్నాడు.

"ఏందయ్యా గిది?" అంది ముత్యవ్వ.

అఖీల్ ఫోన్ లాక్కున్నాడు. "డ్రైవర్ మారే టైమైంది భాభీ, జల్దీ ఉరుకుండ్రి!"